ఖాళీ చేయమన్న నోటీసు వస్తే...

ప్రశ్న: ఇంగ్లండ్‌లో అద్దెకుంటున్నాం. ఇంటి యజమాని ఖాళీ చేయమని నోటీసు ఇచ్చారు. ఇద్దరు చిన్నపిల్లలు ఉన్నారు. కౌన్సిల్ (స్థానిక పాలక సంస్థ) సాయం చేస్తుందా?

జవాబు: గడువు ముగిసేదాకా ఆగకండి. 2017 నాటి నిరాశ్రయత నివారణ చట్టం ప్రకారం, 56 రోజుల్లోగా ఇల్లు కోల్పోయే ప్రమాదమున్న అర్హులైన కుటుంబానికి, ఆ ఇల్లు నిలబెట్టుకోవడానికో మరొకటి వెతుక్కోవడానికో కౌన్సిల్ తోడ్పడాలి. కనుక నోటీసు, అద్దె ఒప్పందం, పిల్లల జనన ధ్రువపత్రాలు తీసుకుని వెంటనే గృహవసతి విభాగాన్ని సంప్రదించండి. కోర్టు ఉత్తర్వు లేకుండా, కేవలం యజమాని మాట మీద దయచేసి ఇల్లు వదలకండి. అలా వదిలితే, కావాలనే నిరాశ్రయులయ్యారని కౌన్సిల్ తేల్చే ప్రమాదం ఉంది. మీ వీసాపై ప్రభుత్వ నిధులు పొందరాదన్న షరతు ఉంటే (మనవారిలో చాలామందికి ఉంటుంది) ఈ సాయం సాధారణంగా అందదు. అప్పుడు 1989 నాటి బాలల చట్టం 17వ సెక్షన్ కింద, పిల్లల క్షేమం కోసం సామాజిక సేవల విభాగాన్ని అడగండి.