హైడ్రాలిక్ స్టీరింగా, ఎలక్ట్రిక్ స్టీరింగా: సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకి

మీరు శ్రీకాకుళంలో సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్నానని, "ఎలక్ట్రిక్ స్టీరింగ్ దారిలో బిగుసుకుపోతుంది, ఆయిల్ స్టీరింగే గట్టిది" అని మెకానిక్ భయపెట్టాడని రాశారు. ఆయన మాటలో సగం నిజం ఉందండి. మా విజయనగరం ఇంట్లో రెండు రకాలూ ఉన్నాయి. నాన్నగారి పాత డీజిల్ బండికి హైడ్రాలిక్, అంటే మీ మెకానిక్ చెప్పిన ఆయిల్ స్టీరింగ్, నేను టౌన్‌లో తిప్పే చిన్న పెట్రోల్ కారుకి ఎలక్ట్రిక్.

హైడ్రాలిక్‌లో ఇంజిన్ బెల్టుతో తిరిగే పంపు, ఆయిల్ డబ్బా, ప్రెషర్ పైపులు, ర్యాక్ (ముందు చక్రాల్ని ఇటూ అటూ తిప్పే కడ్డీ భాగం) లోపల పిస్టన్ ఉంటాయి. మీరు స్టీరింగ్ తిప్పగానే వాల్వు తెరుచుకుని, ఆయిల్ ఆ పిస్టన్‌ని ఒక పక్కకి నెడుతుంది. చిక్కల్లా పంపుతోనే. మీరు హైవే మీద నిటారుగా పోతున్నా, సిగ్నల్ దగ్గర ఆగినా, ఇంజిన్ ఆడుతున్నంతసేపూ అది తిరుగుతూనే ఉంటుంది. ఆ మేరకు డీజిల్ ఊరికే పోతుంది.

ఎలక్ట్రిక్‌లో ఆయిల్ లేదు, పైపులు లేవు. స్టీరింగ్ రాడ్‌లో ఒక సన్నటి కడ్డీ ఉంటుంది. మీ చేతి బలానికి అది ఎంత మెలి తిరిగిందో సెన్సర్ కొలుస్తుంది. కంప్యూటర్ దానికి బండి స్పీడు కూడా కలిపి, మోటారు ఎంత సాయం చేయాలో చెబుతుంది. అందుకే పార్కింగ్‌లో ఒక్క చేత్తో తిరిగే స్టీరింగ్ హైవే ఎక్కాక కాస్త బిగువుగా అవుతుంది. తిప్పినప్పుడే కరెంటు తింటుంది కాబట్టి మైలేజీకీ మేలు. 1988లో జపాన్‌లో సుజుకి సెర్వో అనే బుల్లి కారుతో ఈ పద్ధతి మొదలైంది. తేలిక బండికి 12 వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న మోటారు చాలు మరి. బరువు బండ్లకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. బొలెరో, ఇన్నోవా క్రిస్టా లాంటి వాటిలో హైడ్రాలిక్ అన్నాళ్లు నిలిచింది అందుకే కాబోలు అనుకుంటాను.

నా లెక్కలో అసలు తేడా తోలేటప్పుడు కాదు, పాడయ్యేటప్పుడు తెలుస్తుంది. హైడ్రాలిక్ ముందే చెప్పి పాడవుతుంది. నాన్నగారి బండి పొద్దున్నే స్టార్ట్ చేసి తిప్పితే కుయ్యిమనేది, పార్క్ చేసిన చోట ఆయిల్ మరక కనబడేది. చూస్తే ర్యాక్ సీళ్లు పోయాయి. సాలూరంటే లారీల ఊరు కదా, అక్కడి షెడ్డులో ర్యాక్ దింపి, సీల్ కిట్టు వేసి బిగించేశారు. స్కానర్ అక్కర్లేదు, కంప్యూటర్ అక్కర్లేదు.

ఎలక్ట్రిక్ ఏళ్ల తరబడి ఏమీ అడగదు. ఒకరోజు ఉన్నట్టుండి డ్యాష్‌బోర్డులో స్టీరింగ్ లైటు వెలిగి బరువైపోతుంది. నాకిది విజయనగరంలో మూడు లాంతర్ల సెంటర్ దగ్గర సాయంత్రం రద్దీలో జరిగింది. టెన్షన్ పడ్డాను గానీ బండి తిరిగింది. చక్రాలకీ స్టీరింగ్‌కీ మధ్య ఇనుప లింకు ఎప్పుడూ ఉంటుంది, పోయేది సాయం మాత్రమే. ఒక వర్క్‌షాపులో మోటారుతో సహా కాలమ్ (స్టీరింగ్ రాడ్ ఉండే భాగం) మొత్తం మార్చాలన్నారు. ఇంకో ఆటో ఎలక్ట్రీషియన్ మీటర్ పెట్టి చూసి, బ్యాటరీ ముసలిదైందన్నాడు. కొత్తది వేశాక లైటు మళ్లీ రాలేదు. ఆగిన బండిలో చక్రాలు తిప్పేటప్పుడు ఆ మోటారు పదుల ఆంపియర్లు లాగుతుంది. వోల్టేజీ పడిపోతే కంప్యూటర్ సాయం తగ్గించేస్తుంది, ఆపేస్తుంది కూడా. కాబట్టి ఎవరైనా మోటారు మార్చాలంటే, ముందు బ్యాటరీ, దాన్ని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్, ఎర్త్ వైరు చూడమనండి. ఇరుకు సందులో అదేపనిగా ఇటూ అటూ తిప్పినా మోటారు వేడెక్కి కాసేపు బరువవుతుంది. అది రిపేరు కాదు, చల్లారితే సర్దుకుంటుంది.

సాలూరు నుంచి సుంకి ఘాట్ మీదుగా కోరాపుట్ వెళ్లే మలుపుల్లో మాత్రం నాకు నాన్నగారి బండే ఇష్టం. టైరు కింద కంకర జారితే చేతికి తెలుస్తుంది. నా కారు స్టీరింగ్ అలాంటివి మింగేస్తుంది. అన్నట్టు, దిగుడులో డీజిల్, పెట్రోల్ మిగులుతుందని ఇంజిన్ ఆపి జారేవాళ్లు మా సైడు ఇంకా ఉన్నారు. ఏ రకమైనా స్టీరింగ్ సాయం పోతుంది, బ్రేకూ రెండు మూడు తొక్కుళ్లకి గట్టిపడుతుంది. ఆ పని చేయకండి.

మీ వాడకం శ్రీకాకుళం టౌను, పలాస దాకా హైవే అన్నారు కాబట్టి ఎలక్ట్రిక్‌దే తీసుకోండి. కొనేముందు తాళం తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఆగండి. స్టీరింగ్ లైటు వెలగాలి, స్టార్ట్ చేశాక ఆరాలి. అసలు వెలగకపోతే ఎవరో దాన్ని తీసేసి ఉండొచ్చు. తర్వాత ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి, కాలమ్‌లో కటకట వినబడుతుందేమో చూడండి. తుపాను నీళ్లలో మునిగిన బండ్లు మనవైపు అమ్మకానికి వస్తుంటాయి. చిన్న కార్లలో ఈ మోటారు ఎక్కువగా డ్యాష్‌బోర్డు కిందే ఉంటుంది గనక, కార్పెట్ ఎత్తి బురద ఉందేమో చూసి, స్టీరింగ్ కింద వైర్ల కనెక్టర్లకి పచ్చటి తుప్పు పట్టి ఉంటే ధర ఎంత తగ్గించినా వదిలేయండి.