చూరులో గబ్బిలాలు, ఇంట్లో కుక్కా పిల్లులూ ఉంటే తరిమేయాలా?

కావలి దగ్గర పాత పెంకుటింట్లోకి దిగామని, చూరులో చిన్న గబ్బిలాలు, పెరట్లో చింతచెట్టుకి పెద్దవి వేలాడుతున్నాయని, ఇంట్లో ఒక కుక్క, రెండు పిల్లులు ఉన్నాయని రాశారు. చుట్టుపక్కలవాళ్లు పొగ పెట్టి తరిమేయమంటున్నారు, మీకేమో రేబిస్ గురించి టెన్షన్. నేనుండేది ఉలవపాడు వైపు. చుట్టూ మామిడి, సపోటా తోటలు, పైన పెంకులు, కాబట్టి మా ఇంటికి రెండు రకాలూ వస్తాయి. మా ఇంట్లోనూ కుక్క, పిల్లులు ఉన్నాయి. నా మాట వింటే తరమొద్దు. గబ్బిలాల అలవాట్లు మనం మార్చలేం, మన జంతువుల అలవాట్లు మార్చుకోగలం. చేయాల్సిన పని అక్కడే ఉంది.

ముందు పిల్లుల సంగతి. గబ్బిలం వల్ల పిల్లికి వచ్చే ప్రమాదం కంటే, పిల్లి వల్ల గబ్బిలానికి వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ. ఒక సాయంత్రం దీపాలు పెట్టే వేళకి కాస్త ముందు వసారాలో కూర్చుని చూరు వైపు చూడండి. వాసానికీ పెంకుకీ మధ్య సందులోంచి ముందు సన్నగా కిచకిచ వినబడుతుంది. తర్వాత బొటనవేలంత ఒళ్లు సందు అంచుకి పాకుతుంది. అక్కడి నుంచి ఎగరదు, కిందికి జారి, జానెడో మూరెడో పడ్డాక రెక్కలు విప్పుతుంది. పిల్లి కనిపెట్టేది సరిగ్గా ఆ జారే క్షణాన్నే. మా పెద్ద పిల్లి కొన్నాళ్లు చూసి, సందు కింద పిట్టగోడ మీద చోటు చేసుకుంది. అది చూశాక వాటి రాత్రి తిండిని మునిమాపు వేళకి మార్చాం. పొద్దు వాలకముందే లోపలికి పిలిచి, గిన్నె పెట్టి, తలుపు వేసేస్తాం. బాగా చీకటి పడ్డాకే బయటికి. తెల్లవారుజామున గబ్బిలాలు తిరిగి వచ్చే వేళ కూడా అంతే. తిండి ఆ వేళకే అని అలవాటయ్యాక పిల్లులే గుమ్మం దగ్గరికి వచ్చి అరుస్తాయి, పిలవక్కర్లేదు.

రేబిస్ టీకా మాత్రం కుక్కకీ, రెండు పిల్లులకీ ఏటా తప్పకుండా వేయించండి. పిల్లులకి ఎందుకులే అని మన వైపు చాలామంది వదిలేస్తారు, వదలొద్దు. మన దేశంలో మనుషులకి రేబిస్ దాదాపుగా కుక్క కాటు వల్లే వస్తుంది. అలాగని గబ్బిలాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గబ్బిలాన్ని నేరుగా తాకడాన్ని కూడా మూడో కేటగిరీ, అంటే తీవ్రమైన ఎక్స్‌పోజర్ కింద లెక్క కడుతుంది. ఎవరికైనా కరిచినా గీరినా సబ్బు పెట్టి పారే నీళ్ల కింద పావుగంట కడిగి, ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పళ్లు సూదుల్లా సన్నగా ఉంటాయి కాబట్టి గాటు కంటికి ఆనకపోవచ్చు. పిల్లి గానీ కుక్క గానీ గబ్బిలాన్ని నోట కరిస్తే, టీకా వేసి ఉన్నా పశువుల డాక్టర్‌కి చూపించండి. మా పిల్లి ఒకసారి పట్టినప్పుడు ఆయన వెంటనే బూస్టర్ వేశారు.

పిల్లి నోట్లోంచి జారి నేల మీద పడిన గబ్బిలాన్ని చూస్తే చచ్చిందనిపిస్తుంది. కానీ బతికే ఉండొచ్చు. చేతికి మందపాటి గుడ్డ చుట్టుకుని చిన్న అట్టపెట్టెలోకి తీసుకుని, పెట్టెకి గాలి కోసం చిల్లులు పెట్టి, లోపల పట్టుకోవడానికి ఒక గుడ్డ ముక్క వేసి, చల్లని చోట ఉంచండి. చీకటి పడగానే చెట్టు మొదలు మీద మనిషెత్తున వదిలితే పైకి పాకుతుంది. నేల మీద నుంచి లేవడం దానికి కష్టం, ఎత్తులోంచి జారితేనే రెక్క అందుకుంటుంది. పిల్లలకి చూపించడానికి కూడా ఒట్టి చేత్తో పట్టుకోవద్దు.

రాత్రి గదిలోకి గబ్బిలం వస్తే అందరూ చీపురు తీస్తారు. చేయాల్సిన మొదటి పని సీలింగ్ ఫ్యాన్ ఆపడం. ఫ్యాన్ రెక్క తగిలితే దాని ప్రాణం పోతుంది, కింద పడితే కుక్క నోట్లో పడుతుంది. కుక్కనీ పిల్లుల్నీ పక్క గదిలోకి పంపి, లైటు తీసేసి, కిటికీ బార్లా తెరిచి మీరు బయటికి వచ్చేయండి. అది పురుగుల కోసం వచ్చిందే తప్ప మీ జుట్టు కోసం రాలేదు. దారి దొరికితే దానంతటదే పోతుంది.

చింతచెట్టు మీదవి వేరే జాతి. రెక్కలు చాపితే నాలుగడుగులు దాటే పండ్ల గబ్బిలాలు. ఇవి శబ్దంతో కాదు, కళ్లతో, వాసనతో తిండి వెతుక్కుంటాయి, దోమల కోసం ఇంట్లోకి రావు. ఇక్కడ జాగ్రత్త కుక్క విషయంలో. పండు నమిలి రసం మింగి పిప్పి ఉమ్మేస్తాయి, సగం కొరికిన సపోటాలు, మామిడికాయలు చెట్టు కింద రాలి ఉంటాయి. నిపా వైరస్‌కి సహజమైన ఇల్లు ఈ జాతి గబ్బిలాలే. 2018లో కోళికోడ్‌లో అది మనుషుల ప్రాణాలు తీసింది. భయంతో చెట్టు కొట్టేయక్కర్లేదు, కొరికిన పండు ఎవరి నోట్లోకీ పోకుండా చూసుకోవాలి. పొద్దున్నే కుక్కని విప్పే ముందు చెట్టు కింద ఊడ్చి ఆ పండ్లని గుంటలో పూడ్చేయండి. కుక్క గూడు, నీళ్ల తొట్టి చెట్టు నీడలో ఉంటే ఈ రోజే మార్చండి. బావి ఉంటే వల కప్పండి, ట్యాంకుకి మూత పెట్టండి. తాటి కల్లు తాగే అలవాటు ఇంట్లో ఎవరికైనా ఉంటే, మూతి కప్పని ముంతలోది వద్దని చెప్పండి. బంగ్లాదేశ్‌లో నిపా ఎక్కువగా వచ్చింది గబ్బిలాలు నాకిన పచ్చి ఖర్జూరపు నీరా వల్లే.

ఎండాకాలంలో కుక్క, పిల్లులు ఆ చెట్టు కిందికి పోకుండా తడిక కట్టడం మంచిది. పెద్ద గబ్బిలం ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది, అదీ ఎండలు ముదిరే రోజుల్లో. తల్లిని పట్టుకోలేక పిల్లలు కింద పడతాయి. వేడి నలభై రెండు దాటితే పెద్దవి కూడా రెక్కలతో విసురుకుంటూ కింది కొమ్మలకి దిగుతాయి, కొన్ని రాలిపోతాయి. రోహిణి కార్తెలో మన నెల్లూరు ఎండ సంగతి చెప్పక్కర్లేదు. అలాంటి మధ్యాహ్నం ఎవరైనా టపాసు కాల్చో, రాళ్లు విసిరో లేపితే ఆ ఎండలో ఎగిరి చస్తాయి. దయచేసి ఎవర్నీ అలా చేయనివ్వకండి.

పెంటిక గురించి. చిన్నవాటిది ఎలుక పెంటికలాగే కనబడుతుంది గానీ పుల్లతో నొక్కితే పొడి అయిపోతుంది, అందులో పురుగుల రెక్కల తళుకు కనిపిస్తుంది. ఎండినదాన్ని ఊడిస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. నీళ్లు చిలకరించి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, తడిగా ఎత్తేయండి. మేం సందు కింద పాత ఫ్లెక్సీ పరుస్తాం, వారానికోసారి దులిపి పూలమొక్కలకి వేస్తాం. ఆ చోటుకి కుక్కని రానివ్వం.

చూరులో కలరా ఉండలు పెట్టమని మీకు తప్పకుండా సలహా ఇస్తారు. అవి కింద పడితే పిల్లులకీ కుక్కకీ విషం. జిగురు అట్టలు పెడితే ముందు అంటుకునేది పిల్లి కాలే. శబ్దంతో తరిమే మిషన్లు మనకి వినబడవు, పిల్లులకి వినబడతాయి, రాత్రంతా వాటికి నిద్ర ఉండదు. ఉబ్బసానికి మందని చెప్పి గబ్బిలాలు పట్టడానికి వలలతో ఎవరైనా వస్తే గేటు దగ్గరే ఆపండి. అది మందూ కాదు, చేతులతో పట్టి కోయడం కంటే పెద్ద రిస్కూ లేదు. 1972 వన్యప్రాణి చట్టంలో పండ్ల గబ్బిలాల్ని ఎలుకలతో కలిపి చంపదగ్గ జాబితాలో పెట్టారు. 2022 సవరణతో ఆ జాబితానే తీసేశారు, కాబట్టి పాత మాట ఇప్పుడు చెల్లదు.

పడకగది మీద సందొకటే ఇబ్బందిగా ఉంటే, దాన్ని మాత్రం మూసుకోవచ్చు. తొందరపడి పగలు సిమెంటు పెట్టొద్దు, అన్నీ లోపలే చస్తాయి. సందు మీద సన్న కన్నాల వలని పైన, పక్కల మేకులు కొట్టి కింద వదులుగా వేలాడదీయండి. లోపలివి కిందికి జారి బయటపడతాయి, తిరిగి ఎక్కలేవు. కొన్ని సాయంత్రాలు ఏదీ బయటికి రాలేదని చూసుకున్నాక మూయండి. ఎగరలేని పిల్లలు లోపల ఉన్నాయని అనుమానం వస్తే, టార్చ్ వేసి చూసి అవి ఎగిరేదాకా ఆగండి. వసారా వైపు సందు మాత్రం వదిలేయండి, అక్కడి నుంచి లేచి వెళ్లినవి అటు మారతాయి.