ఆర్కిటిక్‌లో మంచు తగ్గితే జంతువులకు, మనుషులకు మేలే కదా?

మీరు అడిగింది: "ఆర్కిటిక్‌లో మంచు తగ్గిపోతోందని టీవీలో గోల పెడుతున్నారు. మంచు తగ్గితే జంతువులకు మేత తేలిగ్గా దొరకాలి, మనుషులకు చలి బాధ తగ్గాలి. ఇందులో నష్టమేంటి? దక్షిణ ధ్రువంలో కూడా ఇంతేనా?"

ఉత్తర నార్వేలోని ట్రోమ్సోలో కొన్నేళ్లు ఉద్యోగం చేశాను కాబట్టి చూసింది, విన్నది చెబుతాను. అక్కడివాళ్లు మంచు ఎంత పడిందన్న దానికన్నా, పడిన మంచు ఎలా ఉందన్న దాని గురించే ఎక్కువ మాట్లాడుకుంటారు. వాళ్ల గొడవంతా చలికాలంలో పడే వానతో.

ట్రోమ్సో 69 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నా, ఆ తీరం వెంట వెచ్చటి సముద్ర ప్రవాహం పోతుంటుంది. అందుకని జనవరిలో కూడా ఉష్ణోగ్రత సున్నాకి అటూ ఇటూ ఊగుతుంది. మైనస్ ఎనిమిదిలో హాయిగా నడిచిన దారే, మర్నాడు ప్లస్ రెండులో వాన పడి రాత్రికి మళ్లీ గడ్డకడితే నున్నటి ఐసైపోతుంది. ఇనుప మేకులున్న రబ్బరు పట్టీలు బూట్లకి తొడుక్కోకుండా చెత్త పారేయడానికి కూడా బయటికి వెళ్లలేం. మనవాళ్లు కొత్తగా వచ్చినప్పుడు మైనస్ అంకెలు చూసి టెన్షన్ పడతారు గానీ, భయపడాల్సింది ఆ ప్లస్ రెండుకి. పైగా నవంబరు చివరి నుంచి జనవరి మధ్య దాకా అక్కడ సూర్యుడు కనిపించడు. ఆ రోజుల్లో ఊరికి కాస్త వెలుగు తెచ్చేది నేల మీది తెల్లటి మంచే. వాన దాన్ని కడిగేస్తే మధ్యాహ్నం కూడా మనసు చీకటిగా ఉంటుంది.

మనుషులం ఎలాగోలా మేకులు తగిలించుకుని నడుస్తాం. మంచు కింద మేత వెతుక్కునేవాటి పరిస్థితి వేరు.

మా ఆఫీసులో ఒకాయనది రెయిన్‌డీర్లు కాసే సామి (అక్కడి ఆదివాసీ జాతి) కుటుంబం. వాళ్ల అన్నయ్య మంద చలికాలమంతా నార్వే ఉత్తర కొసన ఉన్న ఫిన్‌మార్క్ లోపలి పీఠభూమి మీద ఉంటుంది, వేసవికి తీరానికి వస్తుంది. ఒక ఈస్టర్ సెలవుల్లో వాళ్లతో పాటు వెళ్లాను. (మందలో ఎన్ని ఉన్నాయని అడగడం అక్కడ మర్యాద కాదు. వెళ్లే ముందే హెచ్చరించారు.) ఆ అన్నయ్య పార తీసుకుని నేల తగిలేదాకా గొయ్యి తవ్వి, పక్క గోడని నున్నగా చెక్కి చూపించాడు. పైన మెత్తటి మంచు, మధ్యలో గట్టి పెచ్చు, దాని కింద మళ్లీ పొడిమంచు, అన్నిటికన్నా అడుగున వేలి మందం ఐసు. ఆ ఐసులో చిక్కుకుని లైకెన్ (నేల మీద, రాళ్ల మీద పాచిలా పెరిగేది) కనిపిస్తోంది. అద్దాల బీరువాలో అన్నం పెట్టి తాళం వేసినట్టుంది.

చలికాలంలో రెయిన్‌డీర్లకి ముఖ్యమైన తిండి ఆ లైకెనే. మంచు కింద ఉన్నా వాసన పట్టి, ముందు గిట్టలతో తవ్వుకుని తింటాయి. మంచి చలికాలమైతే, పైన చలి, కింద నేలలో కాస్త వెచ్చదనం ఉండటం వల్ల అడుగు మంచు పలుకులు పలుకులుగా విడిపోయి ఉంటుంది. అలాంటప్పుడు అరమీటరు లోతున్నా వాటికి లెక్క లేదు. అదే అక్టోబరు, నవంబరుల్లో మంచు పడ్డాక వాన కురిసి, ఆ నీళ్లు నేల దాకా ఇంకి గడ్డకడితే, వాసన పైకి రాదు, గిట్టలకి అది పగలదు. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఏమిటంటే, నవంబరులో ఏర్పడ్డ ఆ ఐసు మళ్లీ వసంతం దాకా కరగదు. రెండు రోజుల వాన ఆరు నెలల మేతకి అడ్డం పడుతుంది.

రష్యాలోని యమాల్ ద్వీపకల్పంలో 2013 నవంబరులో సరిగ్గా ఇదే జరిగింది. మంచు మీద వాన పడి గడ్డకట్టడంతో నేనెట్స్ కాపరుల మందల్లో దాదాపు 61,000 రెయిన్‌డీర్లు ఆకలితో చచ్చిపోయాయి. అంతకుముందు 2003 అక్టోబరులో కెనడాలోని బ్యాంక్స్ దీవిలో ఇలాంటి వానకే దాదాపు 20,000 కస్తూరి ఎద్దులు పోయాయి. ఇలాంటివి పాతకాలంలో అసలు లేవని కాదు. కానీ 1979 నుంచి చూస్తే ఆర్కిటిక్ మిగతా ప్రపంచం సగటు కన్నా దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది. గ్రీన్‌లాండ్ ఐసు పలక శిఖరం మీద కూడా 2021 ఆగస్టు 14న వాన పడింది, అక్కడ వాన నమోదవడం అదే మొదటిసారి.

"మరి దాణా పెట్టొచ్చు కదా" అంటారేమో, నేనూ అదే అడిగాను. పెడుతున్నారు. 2020 చలికాలంలో ఉత్తర నార్వేలో మేత సంక్షోభం వచ్చినప్పుడు ప్రభుత్వమూ సాయం చేసింది. కానీ లైకెన్‌కి అలవాటుపడ్డ కడుపుకి ఉన్నట్టుండి దాణా వేస్తే అరగదు. విశాలంగా తిరిగే మందని ఒకచోట గుమిగూడిస్తే కంటి జబ్బులు ఒకదాని నుంచి ఒకదానికి పాకుతాయి. దాణా, డీజిల్ ఖర్చు సరేసరి. ఆ అన్నయ్యకి అన్నిటికన్నా బాధ కలిగించింది మాత్రం ఇంకొకటి: చేతి దాణా తిని పెరిగిన దూడలు తవ్వుకోవడం సరిగ్గా నేర్చుకోవు అని. ఇది ఆయన మాట, నేను కొలిచి చూసింది కాదు. కానీ ఆ విషయంలో ఆయన మాటకే నేను విలువిస్తాను.

చిన్న జీవులకి మంచు దుప్పటి. లెమ్మింగ్ అనే చిన్న ఎలుకలాంటి జంతువు చలికాలమంతా మంచుకీ నేలకీ మధ్య సందులో బతుకుతుంది. బయట మైనస్ ముప్ఫై ఉన్నా అక్కడ సున్నాకి దగ్గరగా ఉంటుంది. ఆ సందు నీళ్లు నిండి గడ్డకడితే లెమ్మింగులు తగ్గుతాయి, వాటి మీద బతికే ఆర్కిటిక్ నక్కలు, తెల్ల గుడ్లగూబలు పిల్లల్ని పెంచలేవు. రింగ్డ్ సీళ్లదీ ఇలాంటి కథే. అవి సముద్రపు ఐసు మీద పేరుకున్న మంచులో గుహ చేసుకుని పిల్లని కంటాయి. మంచు సరిపోకపోయినా, ముందే వాన పడి గుహ కప్పు కూలినా పిల్ల ఆరుబయట ఎలుగుబంట్లకి దొరికిపోతుంది.

అన్నీ నష్టాలే అని చెబితే అబద్ధం అవుతుంది. నార్వేకి ఉత్తరాన ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల్లో వేసవి పొడవై గడ్డి పెరగడం వల్ల రెయిన్‌డీర్ల సంఖ్య మొత్తం మీద పెరిగింది. అక్కడే ఐసు పట్టిన చలికాలాల్లో కొన్ని ఒడ్డుకి దిగి సముద్రపు నాచు తింటాయి. మీరన్న "మేత తేలిగ్గా దొరకడం" కూడా ఒకోచోట నిజమే, అది వేసవి మాట.

ఇక మనుషుల సంగతి. చలి తగ్గితే కరెంటు బిల్లు తగ్గుతుంది, ఒప్పుకుంటాను. కానీ అక్కడ గడ్డకట్టిన సరస్సులు, నదులే చలికాలపు రోడ్లు. చలి ముదరకముందే సరస్సు మీద దట్టంగా మంచు పడితే, ఆ మంచే చలిని అడ్డుకుని కింద ఐసుని మందం కానివ్వదు. పైకి తెల్లగా, గట్టిగా కనిపిస్తుంది, స్నో స్కూటర్ మాత్రం కూరుకుపోతుంది. కొండ వాలుల్లో మంచు పొరలు ఒకదానికొకటి అతుక్కోకపోతే మంచు చరియలు విరిగిపడతాయి. స్వాల్‌బార్డ్‌లోని లాంగ్‌ఇయర్‌బియెన్ ఊరి మీద 2015 డిసెంబరు 19న, తుఫాను మర్నాడు ఉదయం, కొండ మీది మంచు జారిపడి 11 ఇళ్లు దెబ్బతిన్నాయి, ఇద్దరు చనిపోయారు. ఆ తర్వాత కొండ కిందున్న ఇళ్లని ఖాళీ చేయించి కూల్చేశారు.

దక్షిణ ధ్రువం గురించి నాది చదివిన జ్ఞానమే. అక్కడ ఒకోసారి మంచు ఎక్కువవడమే కష్టం. క్వీన్ మాడ్ లాండ్‌లో (మన దేశపు పరిశోధన కేంద్రం మైత్రి ఉన్నది కూడా ఆ ప్రాంతంలోనే) స్వార్థామరెన్ అనే కొండ ఉంది. అంటార్కిటిక్ పెట్రెల్ పక్షులు అక్కడ మంచులేని రాళ్ల మధ్య నేల మీదే గుడ్లు పెడతాయి, మామూలు ఏడాదిలో పదుల వేల గూళ్లు ఉంటాయి. 2021 డిసెంబరు, 2022 జనవరిల్లో విపరీతమైన మంచు తుఫాన్లు వచ్చి ఆ రాళ్లు కప్పబడిపోయాయి. ఆ సీజన్‌లో పిల్లల్ని చేసిన పెట్రెల్‌లు మూడే కనిపించాయి, అక్కడే ఉండే స్కువా పక్షులవి ఒక్క గూడూ లేదు. ఇవి ఏళ్ల తరబడి బతికే పక్షులు కాబట్టి ఒక్క సీజన్ పోయినా జాతి తట్టుకుంటుంది. అలాంటి ఏళ్లు వెంటవెంటనే వస్తేనే చిక్కు.