రాసిన వ్యాసాలను చిన్న వీడియోలుగా మారిస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఆత్మకూరు. మా అమ్మాయి బీఏ ఆఖరు సంవత్సరం చదువుతోంది. రెండేళ్లుగా మన జిల్లా వంటలు, పండగలు, చేతిపనుల మీద తెలుగులో బ్లాగు రాస్తోంది. 60 వ్యాసాల దాకా ఉన్నాయి గానీ చదివేవాళ్లు తక్కువ. ఇప్పుడు వాటినే రీల్స్, షార్ట్స్‌గా మారుస్తానంటోంది. హైదరాబాదులో మూడు నెలల కోర్సుకు 60 వేలు అడుగుతున్నారు. కట్టమంటారా? అసలు ఇది ఉద్యోగం అవుతుందా? ఆడపిల్ల మొహం అందరి ఫోన్లలో కనిపిస్తుందని వాళ్లమ్మకు ఒకటే టెన్షన్.

జవాబు: మీరు పంపిన మూడు వ్యాసాలూ నిన్న రాత్రి కూర్చుని చదివానండీ. కోర్సుకు డబ్బు ఇప్పుడే కట్టొద్దు. ఎడిటింగ్ యాప్ వాడటం పది పదిహేను రోజులు కూర్చుంటే ఫోన్ మీదే వస్తుంది. కంపెనీలు జీతమిచ్చేది ఇంకో పనికి. పెద్ద వ్యాసంలోంచి ఏ ఒక్క ముక్క తీసుకోవాలో, మిగతాది ఎక్కడ వదిలేయాలో తేల్చుకోగలగాలి. దానికి ముందు సరుకుండాలి. నా దగ్గరికొచ్చే పిల్లల్లో చాలామందికి మంచి ఫోన్ ఉంటుంది, చెప్పడానికే ఏమీ ఉండదు. మీ అమ్మాయి దగ్గర 60 వ్యాసాల సరుకుంది.

ఉదయగిరి చెక్క గరిటెల వ్యాసమే చూడండి. కోట చరిత్రతో మొదలుపెట్టింది. తర్వాత దుర్గం కొండల్లో దొరికే చెక్క గురించి రాసింది, గరిటెలకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చిన సంగతి చెప్పింది. అన్నీ అవసరమైనవే. కానీ ఎనిమిదో పేరాలో ఒక మాటుంది. ఫోర్కు పళ్లు కోసేటప్పుడు ఆ పనిచేసే ఆమె మాట్లాడటం ఆపేసిందట. మూడో పన్ను దగ్గరికి రంపం రాగానే మీ అమ్మాయి ఏదో అడిగితే పలకలేదు, ఊపిరి బిగబట్టింది. పన్ను విరగకుండా రంపం బయటికొచ్చాక పొట్టు ఉఫ్‌మని ఊదేసి, "ఆఁ, ఏమడిగావమ్మా?" అందట. వీడియో అంటే అదండీ! మొదటి సెకను నుంచే ఆ వేళ్లు, ఆ రంపం కనిపించాలి. పాట అక్కర్లేదు, ఆ చప్పుడు చాలు. చివర్లో ఆమె మాట వినిపిస్తే ముగించేయొచ్చు. కోట చరిత్ర వ్యాసంలో ఉండనివ్వండి, కావాలనుకున్నవాళ్లు వెతుక్కుంటూ వస్తారు.

కొత్తవాళ్లు వ్యాసమంతా గబగబా చదివేసి దాన్నే వీడియో అంటారు. ఒక్కసారి గడియారం ముందు పెట్టుకుని పైకి చదివి చూడమనండి. వినేవాళ్లకు అర్థమయ్యేలా చదివితే నిమిషానికి 110, 120 మాటలకు మించి సాగదు. అంటే 1000 మాటల వ్యాసానికి ఎనిమిది తొమ్మిది నిమిషాలు పడుతుంది. యూట్యూబ్ 2024 అక్టోబరు నుంచి షార్ట్స్‌ను మూడు నిమిషాల దాకా ఒప్పుకుంటోంది, ఇన్‌స్టాగ్రామ్ కూడా 2025 జనవరిలో రీల్స్‌ను అదే నిడివికి పెంచింది. అయినా మొదటి మూడు నెలలు 40 సెకన్లు దాటొద్దని చెప్పండి. అంత ఇరుకులో పెడితేనే ఏది వదిలేయాలో తెలుస్తుంది.

అన్నిటినీ వీడియో చేయాల్సిన పని కూడా లేదు. చేపల పులుసు వ్యాసం ఉంది కదా, దాన్ని నేనైతే వరుస బొమ్మలుగా పెడతాను. వంట చేసేవాళ్లు చింతపండు ఎంత, మామిడికాయ ముక్కలు ఎప్పుడు వేయాలి అని మధ్యలో మళ్లీ చూసుకుంటారు. పొయ్యి దగ్గర నిలబడి వీడియోను వెనక్కి జరుపుకోవడం విసుగు. బొమ్మయితే సేవ్ చేసుకుని తీసి చూసుకుంటారు. కదిలేది వీడియోకు, మళ్లీ మళ్లీ చూసుకోవాల్సింది బొమ్మకు అని నేను పిల్లలకు చెబుతుంటాను. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పోస్టుకు 20 బొమ్మల దాకా పెట్టనిస్తారు గానీ పులుసుకు ఏడెనిమిది చాలు.

ఇక్కడ తెలుగులో పెట్టేవాళ్లకు వచ్చే చిక్కొకటుంది. కొన్ని ఎడిటింగ్ యాప్‌లలో ఒత్తులు విడిపోతాయి, లేదా కింది వరుస అక్షరాల మీద పడతాయి. వరుసల మధ్య ఎడం పెంచి, పోస్టు చేసే ముందు ఇంకొకరి ఫోన్లో చూడాలి. ఆటోమేటిక్‌గా వచ్చే తెలుగు సబ్‌టైటిళ్లను ఉన్నదున్నట్టు వదిలేయొద్దు, ఊరి పేర్లు దారుణంగా తప్పొస్తాయి. నిలువు వీడియోలో కింది భాగాన్ని ఖాతా పేరు, బటన్లు కప్పేస్తాయి కాబట్టి అక్షరాలు నడిమికి కాస్త పైన ఉండాలి.

రొట్టెల పండగ వ్యాసం నాకు అన్నిటికంటే నచ్చింది. స్వర్ణాల చెరువులో ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, చదువు రొట్టె అని కోరికను బట్టి మార్చుకుంటారు కదా. ఒక్కో రొట్టెకు ఒక్కో చిన్న వీడియో చేయొచ్చు. పండగ మొహర్రంతో ముడిపడింది గనుక ఏటా పది పదకొండు రోజులు ముందుగా వస్తుంది. క్యాలెండరు చూసుకుని రెండు వారాల ముందు నుంచే పెట్టాలి. వ్యాసం ఒకసారి రాసిందే, వాడకం మాత్రం ప్రతి ఏడూ. ఒక్కటి గట్టిగా చెప్పండి: చెరువులో నిలబడి బిడ్డ కోసమో జబ్బు నయం కావాలనో మొక్కుకునే మనిషి మొహం అడగకుండా తీయకూడదు. రొట్టె అందుకునే చేతులు చాలు.

మీ ఇంట్లో టెన్షన్‌కూ అదే జవాబు. మొహం చూపించకపోయినా ఈ పని చక్కగా సాగుతుంది. చేతులు, వస్తువులు, గొంతు ఉంటే సరిపోతుంది. మొహం పెట్టాలా వద్దా అన్నది మాత్రం అమ్మాయి నిర్ణయించుకోవాలి, ఆ మాట ఆమెను కూర్చోబెట్టి అడగండి. గొంతు విషయంలో నాదొక కోరిక. వ్యాసంలో "పిలకాయలు" అని ఎంత ముచ్చటగా రాసింది! వీడియోలో దాన్ని "పిల్లలు" చేయొద్దనండి. మన యాస విని ఆగేవాళ్లు ఎక్కడెక్కడో ఉన్నారు.

ఇక డబ్బు. వ్యూస్ మీద బతుకుదామనే ఆశ పెట్టుకోవద్దు. యూట్యూబ్‌లో ప్రకటనల వాటా రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్, లేదా ఏడాదిలో పెద్ద వీడియోలకు 4000 గంటల వీక్షణ ఉండాలి. ఉద్యోగం వచ్చేది వేరే దారిలో. చదువుల సంస్థలు, ఆసుపత్రులు, బట్టల దుకాణాలు, ఆక్వా మేత కంపెనీలు, వీళ్లందరి దగ్గరా కరపత్రాలు, వెబ్‌సైటు రాతలు పడి ఉంటాయి. వాటిని వీడియోలుగా, బొమ్మలుగా మార్చే మనిషి వాళ్లకు కావాలి. కంటెంట్ రైటర్, సోషల్ మీడియా ఎగ్జిక్యూటివ్ పేర్లతో చెన్నై, హైదరాబాదుల్లో తీసుకునేదీ ఇలాంటి పనికే. ముందు నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక దుకాణంతో మూడు నెలలకు మాట్లాడుకోమనండి. నెలకు ఇన్ని పోస్టులు, ఇంత డబ్బు అని కాగితం మీద రాసుకోవాలి. చేసినదాన్ని తన నమూనాల్లో చూపించుకునే అనుమతి కూడా అందులోనే ఉండాలి, ఎందుకంటే ఉద్యోగిగా చేసిన పని మీద హక్కు మామూలుగా యజమానికే చెందుతుంది. దుకాణం వీడియోకు సినిమా పాట పెట్టనివ్వకండి, హక్కుల గొడవలో వీడియో మూగబోతుంది.

ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు వంద వీడియోలు అక్కర్లేదు. ఒకే వ్యాసం, దాని వీడియో, దాని బొమ్మలు పక్కపక్కన పెట్టి, ఏది ఎందుకు వదిలేసిందో అర పేజీ రాసుకెళ్తే అడిగేవాళ్లకు ఆమె ఆలోచన తెలుస్తుంది. అలాంటివి మూడు సిద్ధం చేసుకుంటే చాలు.

బ్లాగు మాత్రం ఆపనివ్వకండి. 2020 జూన్ 29న టిక్‌టాక్ నిషేధించినప్పుడు కావలి నుంచి ఒక విద్యార్థిని ఏడుస్తూ నాకు ఫోన్ చేసింది. వేల మంది ఫాలోయర్లు ఒక్క రోజులో పోయారు. కానీ ప్రతి వీడియోకూ ముందు మాటలు నోటుబుక్కులో రాసుకునే అలవాటుండేది. ఆ సెప్టెంబరులో మన దేశంలో షార్ట్స్ మొదలవగానే ఆ పుస్తకం తీసే మళ్లీ నిలబడింది.

డిగ్రీ పూర్తిచేయనివ్వండి. వారానికి రెండు వ్యాసాల చొప్పున ఆరు నెలలు మార్చమనండి. ప్రతి వీడియోకూ ఎన్నో సెకను దగ్గర జనం వెళ్లిపోతున్నారో యూట్యూబ్ స్టూడియోలో గీత కనిపిస్తుంది, అది చూసి తర్వాతది సరిచేసుకోవాలి. అప్పటికీ ఎడిటింగే అడ్డమనిపిస్తే కోర్సు గురించి మళ్లీ మాట్లాడుకుందాం, ఆ 60 వేలు ఎక్కడికీ పోవు. మొదటిది ఉదయగిరి వ్యాసమే కానివ్వండి. వెళ్లే ముందు ఫోన్లో ఖాళీ చూసుకోమనండి. అక్కడ ఫ్యాను కాసేపు ఆపమని ఆ గరిటెలు చేసే ఆమెను అడగమనండి, లేకపోతే రంపం చప్పుడు సరిగ్గా పడదు.