ఎండలు ఇనుముకు, చలి కాగితానికి

హైదరాబాద్

చి. మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటో చూశాను. రాణీగంజ్‌లో తూకానికి పోవలసిన, కాలితో తొక్కి నడిపే ట్రెడిల్ అచ్చు మిషనును ఇంటికి తెచ్చావు. మీ నాన్న విసుక్కుంటున్నాడు కానీ నేను నీ పక్షమే. ఒక్క సంగతి మాత్రం నచ్చలేదు. పెరటి షెడ్డులో ఒక మూల మిషను, ఇంకో మూల జపాను కాగితం తీసే తొట్టి పెడతావా? తొట్టి తేమకు ఆ ఇనుము మళ్ళీ తుప్పు పడుతుంది. చోటు వేరు చెయ్యి, కాలమూ వేరు చెయ్యి. ఈ ఎండలు మిషనుకు, వచ్చే చలి కాగితానికి.

ముందు ఆ రంగు డబ్బా దాచెయ్యి. కొత్తవాళ్ళు మొదట చేసేది రంగు వెయ్యడమే. అది నూనె రంధ్రాల్లోకి దిగి గడ్డకడుతుంది. రంధ్రాలన్నీ లెక్కపెట్టి, సన్నని తీగతో మట్టి తీసి, కిరోసిన్ పోసి, రెండు రోజులు ఊరనిచ్చి నూనె వెయ్యి. తర్వాత చక్రాన్ని చేత్తోనే తిప్పు. ఎక్కడైనా పట్టేస్తే ఆగి కారణం వెతుకు, సుత్తి ముట్టుకోకు. అది పోత ఇనుము, వంగదు, విరుగుతుంది. నేను ఒకసారి తొందరపడి మీట విరగ్గొట్టుకుని, అతుకు వేసేవాడి కోసం నెల రోజులు తిరిగాను.

సిరా పూసే రోలర్లు రబ్బరువే చేయించు. మా రోజుల్లో సరేసుతో పోతపోసేవారు, మే నెలలో అవి హల్వాలా సాగేవి. టైపు, అంటే అచ్చు అక్షరాల దిమ్మల ఎత్తు 0.918 అంగుళాలు. రోలరు దాని మీద వదిలే సిరా గీత మూడు మిల్లీమీటర్లు ఉంటే చాలు. అంతకంటే వెడల్పయితే అక్షరం అంచులకు సిరా పట్టి అచ్చు ముద్దవుతుంది.

టైపు సీసం, ఒంట్లోకి పోతే విషం. పని మధ్యలో ఆ చేతులతో మిరపకాయ బజ్జీ తినకు. తెల్లటి పొడి పట్టిన అక్షరాలను విడిగా పెట్టు, ఊది దులపకు. మిషను తిరుగుతుండగా కాగితం జారితే జారనీ, చెయ్యి మాత్రం లోపల పెట్టకు.

ఇక కాగితం. మీ పిన్ని ఒసాకాలో ఉన్నప్పుడు ఒక జనవరిలో నన్ను చేతి కాగితానికి పేరున్న ఎచిజెన్ తీసుకెళ్ళింది. అక్కడ కాగితానికి ఒక అమ్మవారు ఉంది, గుడి కూడా ఉంది. ఆ ఊళ్ళో మంచులాంటి నీళ్ళలో చేతులు పెట్టి పని చేస్తున్నారు. అంత చలి ఎందుకని అడిగితే తెలిసింది: తొరొరో అఓయి అనే మొక్క వేరు జిగురు నీళ్ళలో కలుపుతారు, అది వేడికి పలచబడిపోతుంది. ఆ జిగురే నారను అడుక్కు దిగనివ్వదు, నీళ్ళను మెల్లగా జారనిస్తుంది. ఆ మొక్క మన బెండకు దగ్గరి చుట్టం కనుక బెండకాయ జిగురుతో సాధన మొదలుపెట్టు, డిసెంబరు తెల్లవారుజామున.

జపాను వాళ్ళు ఈ కాగితానికి వాడే కోజో చెట్టు నార దొరికేదాకా పట్టుపురుగుల రైతులు నరికేసే మల్బరీ కొమ్మల బెరడు తెచ్చుకో. పైనున్న నల్లపొర గీకెయ్యి. ఎండిన బెరడు కిలోకు నూట యాభై గ్రాముల బట్టల సోడా (సోడా యాష్) వేసి, స్టీలు గిన్నెలో వేళ్ళతో లాగితే విడిపోయేదాకా ఉడికించు. అల్యూమినియం గిన్నె వద్దు, సోడా దాన్ని తినేస్తుంది. బాగా కడిగి, మచ్చలు ఏరెయ్యి. ఏరడానికి ఒక పూట పడుతుంది, విసుగొస్తుంది, అయినా ఏరాలి. తర్వాత కర్ర సుత్తితో దంచు. మిక్సీలో వేస్తే నార తెగుతుంది. పొడుగు నారే ఆ కాగితానికి బలం.

తొట్టిలోంచి ఒక్క దెబ్బకు మందంగా తియ్యకు. జల్లెడ చట్రాన్ని ముంచి, ఊపి, మిగిలిన నీళ్ళు విసిరెయ్యి, మళ్ళీ ముంచు. పొర మీద పొర కట్టాలి. నీ మిషనుకు కావలసింది పలచగా, సమంగా ఉన్న కాగితం. అక్కడ ఒక అంచు మందమైతే అచ్చు అటే ఒరుగుతుంది.

మొదటి యాభై కాగితాలు చెడిపోతాయి. పారెయ్యకు. చిన్న ముక్కలు చింపి నా దగ్గరికి పట్టుకురా. అచ్చులో సరిగా పడని అక్షరానికి, ప్యాకింగ్‌లో, అంటే అచ్చయ్యే కాగితం వెనక పరిచే కాగితాల్లో, సరిగ్గా దాని కిందికి ఎంత ముక్క అంటించాలో చూపిస్తాను. ఆ పనికి అంతకంటే మంచి కాగితం ఛత్తా బజారంతా వెతికినా నాకు దొరకలేదు.

రోలరు ఇరుసుల కొలత ఈలోగా ఫోనులో పంపు.

మీ తాతయ్య