విచారణ మొదలవ్వకముందు గడిచే కాలంలో బాధిత కుటుంబం ఏం చేయొచ్చు?

ప్రశ్న: బాంబు పేలుడులో మా అన్నయ్య చనిపోయి రెండేళ్లు దాటింది. జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్ఐఏ) ఛార్జిషీట్ వేసింది కానీ, ఏ నేరాల మీద విచారణ జరపాలో కోర్టు తేల్చే అభియోగాలు ఇంకా ఖరారు కాలేదు. వాయిదాల మీద వాయిదాలు. అమ్మ ప్రతి వాయిదాకీ వెళ్దామంటోంది. వెళ్తే ఉపయోగం ఉందా? విచారణ మొదలయ్యేలోపు మేం చేయగలిగింది ఏమైనా ఉందా?

జవాబు:

మీ అన్నయ్య గురించి చదివి చాలా బాధపడ్డాను. నేను లాయర్‌ని కాదు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్‌లో గాయపడినవాళ్లలో ఒకణ్ని. బ్యాంకు పరీక్షల కోచింగ్ కోసం అక్కడే రూములో ఉండేవాళ్లం. ఆ సాయంత్రం ఏడు గంటల వేళ నేను ఫోన్ రీఛార్జ్ చేయించుకుంటానని ఒక షాపు దగ్గర ఆగాను, మా రూమ్మేట్ ముందు నడిచాడు. బస్టాపు దగ్గర ఒకటి, ఏ-1 మిర్చి సెంటర్ దగ్గర ఒకటి, సైకిళ్లకు పెట్టిన బాంబులు కొన్ని సెకన్ల తేడాతో పేలాయి. నా కాల్లో ఇనుప ముక్కలు దిగాయి. వాడు రాలేదు. ఎన్ఐఏ లెక్కలో చనిపోయినవాళ్లు 18 మంది, గాయపడినవాళ్లు 131 మంది. ఆ 18లో ఇంకా పుట్టని బిడ్డ కూడా ఉంది.

రెండేళ్లయినా అభియోగాలు ఖరారు కాలేదంటే కేసు నీరుగారిపోయిందని మీకు అనిపిస్తుంది. మాకూ అలాగే అనిపించింది. మా కేసు ఎలా నడిచిందో చెప్తాను. నిందితుల్లో యాసిన్ భత్కల్, అసదుల్లా అఖ్తర్ 2013 ఆగస్టులో నేపాల్ సరిహద్దు దగ్గర పట్టుబడ్డారు. మరో ఇద్దరు 2014 మార్చిలో దొరికారు. ఆ తర్వాత ఇంకొకరు. ఈ మధ్యలో రాష్ట్రమే రెండైంది. అభియోగాలు ఖరారైంది 2015 జూలైలో, అంటే పేలుడు జరిగిన రెండున్నరేళ్లకు. కానీ ఆగస్టులో సాక్షుల విచారణ మొదలయ్యాక 157 మందిని విచారించి, 2016 డిసెంబరులో ఐదుగురినీ దోషులుగా తేల్చి మరణశిక్ష వేశారు. పదహారు నెలల్లో అయిపోయింది. ఆ శిక్షలను తెలంగాణ హైకోర్టు ఖరారు చేసింది 2025 ఏప్రిల్ 8న. ముందున్న ఎదురుచూపు కన్నా తీర్పు తర్వాతి ఎదురుచూపే మూడింతలు ఎక్కువ. ఇది మీకు ధైర్యం చెప్పడానికి రాయడం లేదు. ఓపికను ఇప్పుడే అంతా ఖర్చు పెట్టేయొద్దని చెప్పడానికి రాస్తున్నాను.

ఈ ముందు దశలో అంత కాలం ఎందుకు పడుతుందంటే, ఉగ్రవాద కేసుల్లో వాడే ఉపా చట్టం కింద ఛార్జిషీట్ వేయడానికే కోర్టు అనుమతితో 180 రోజుల దాకా గడువు ఉంటుంది. కోర్టు కేసును విచారణకు తీసుకోవాలంటే ప్రభుత్వం నుంచి ప్రాసిక్యూషన్ అనుమతి రావాలి. ఒక నిందితుడు పరారీలో ఉంటే అతని కేసును విడదీసి మిగతావాళ్ల మీద నడపాలి. మా కేసులో రియాజ్ భత్కల్ విషయంలో అదే జరిగింది. నిందితుడి మీద వేరే రాష్ట్రంలో కూడా కేసు ఉంటే, అక్కడి జైలు నుంచి పీటీ వారెంట్ (ఖైదీని హాజరుపరచమని కోర్టు ఇచ్చే ఆదేశం) మీద తెప్పించాలి. అతన్ని తీసుకురాని రోజు కోర్టులో పెద్దగా ఏమీ జరగదు. తర్వాత ఛార్జిషీట్ కాపీలు, పంచనామాలు, ఫోరెన్సిక్ నివేదికలు, ఫోన్ రికార్డులు అన్నీ ప్రతి నిందితుడికీ ఇవ్వాలి. ఫలానా పేజీ చదవడానికి వీల్లేకుండా ఉంది, ఫలానా సీడీ తెరుచుకోవడం లేదు అని పిటిషన్లు వస్తాయి. నేను ఆ దశలో వెళ్లిన ఒక వాయిదా మొత్తం కాపీల గురించే, పది నిమిషాల్లో ముగిసింది. ఆ తర్వాత మమ్మల్ని కేసు నుంచి తప్పించండంటూ డిశ్చార్జ్ పిటిషన్లు. వాటి మీద వాదనలు పూర్తయ్యాకే అభియోగాలు.

వాళ్లకు కాపీలు ఎందుకు, లాయర్లు ఎందుకు అని నేనూ కోపంతో రగిలిపోయేవాణ్ని. ఆ కోపం తప్పు అనను. కానీ మన ఊళ్లోనే జరిగిన మక్కా మసీదు కేసు చూడండి. 2007 మే 18న అక్కడ పేలుడు జరిగింది. పదకొండేళ్లకు, 2018 ఏప్రిల్‌లో, విచారణ ఎదుర్కొన్న నిందితులంతా నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆ రోజు ప్రార్థనకు వెళ్లి తిరిగి రానివాళ్ల కుటుంబాలకు, మీ మనిషిని చంపింది ఎవరు అనే ప్రశ్నకు కోర్టు నుంచి జవాబే రాలేదు. మొదట్లో సరిగ్గా కట్టని కేసు చివర్లో నిలబడదు. నిందితుడికి ఇవ్వాల్సిన కాపీ ఇవ్వకపోతే, రేపు అప్పీలులో ఆ ఒక్క లోపమే మన మెడకు చుట్టుకుంటుంది. అందుకే ఆ విసుగు పుట్టించే పది నిమిషాల వాయిదాలు కూడా సక్రమంగా జరగాలనే ఇప్పుడు కోరుకుంటాను.

ఇక అమ్మగారి సంగతి. ప్రతి వాయిదాకీ తీసుకెళ్లొద్దు. మా రూమ్మేట్ వాళ్లమ్మ మొదట్లో ఊరి నుంచి రాత్రి బస్సెక్కి వచ్చేవారు. బిడ్డను చంపినవాళ్లను చూస్తానని, జడ్జిగారు తన బిడ్డ గురించి ఒక్క మాటైనా అంటారని ఆశ. అక్కడ ఆ పేరే ఎవరూ ఎత్తరు. మళ్లీ వాయిదా తేదీ చెప్పి పంపేస్తారు. మూడోసారి వెనక్కి వెళ్లేటప్పుడు బస్టాండులో ఆవిడ నాతో, "అబ్బాయీ, వీళ్లకు మావాడు ఉన్నాడని తెలుసా అసలు?" అని అడిగారు. నేనేమీ చెప్పలేకపోయాను.

మీ అమ్మగారి ఆరోగ్యం సహకరిస్తే అభియోగాలు చదివి వినిపించే రోజున మాత్రం తీసుకెళ్లండి. నిందితులను నిలబెట్టి, మీరు ఫలానా రోజు ఫలానా చోట ఈ పని చేసి ఫలానా వాళ్ల మరణానికి కారణమయ్యారు, ఒప్పుకుంటారా అని అడిగే రోజు అది. ఆ రోజు నేను వెళ్లలేదు. సాక్షిని కదా, సమన్లు వస్తేనే వెళ్లాలేమో అనుకున్నాను. తర్వాత ఆ కాగితం జిరాక్స్ చూశాను. మృతుల వరసలో మా రూమ్మేట్ పేరు, తండ్రి పేరు, వయసు ఉన్నాయి. వాళ్లమ్మ వినాల్సింది అది. ఆవిడను ఆ రోజు తీసుకెళ్లలేకపోయానన్న బాధ నాకు ఇంకా ఉంది. తేదీ ముందే తెలియాలంటే ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో కేసు నంబరు కొట్టి చూస్తుండండి. పీపీ (ప్రభుత్వం తరఫు లాయర్) గారి ఆఫీసులో ఒకరితో పరిచయం పెట్టుకోండి.

ఈలోగా మీరు చేయాల్సిన పని ఒకటుంది. దీని గురించి నాకు ఎవరూ చెప్పలేదు. మీ అన్నయ్య పేరు ఎఫ్ఐఆర్‌లో, శవ పంచనామాలో, పోస్టుమార్టం నివేదికలో, మరణ ధ్రువపత్రంలో, ఛార్జిషీట్‌లోని మృతుల జాబితాలో ఒకేలా ఉందో లేదో చూడండి. పేలుడు రాత్రి ఆసుపత్రిలో హడావుడిగా, ఎవరో చెప్పింది విని రాసిన పేర్లు అవి. మావాడి పేరు ఒక కాగితంలో ఒక అక్షరం పోయి, ఇంకో కాగితంలో ఇంటిపేరు తారుమారై ఉంది. కోర్టులో దానివల్ల ఏమీ కాలేదు కానీ, పరిహారం దగ్గర ఒక ఆఫీసులో ఈ రెండు పేర్లూ ఒకరివే అని రుజువు తెమ్మన్నారు. ఆ కాగితం కోసం వాళ్ల నాన్న ఎన్నిసార్లు తిరిగారో నాకు తెలుసు. కొడుకు పోయాడని పదేపదే చెప్పుకోవాల్సి వచ్చింది ఆయన. తప్పు కనపడితే ఇప్పుడే దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఒక ఫైలులో అన్నీ పెట్టి, రెండు సెట్లు జిరాక్స్ తీయించండి.

మీకూ హక్కులు ఉన్నాయి. మాకు అప్పట్లో తెలియలేదు. బాధిత కుటుంబం కోర్టు అనుమతితో సొంతంగా లాయర్‌ని పెట్టుకుని ప్రాసిక్యూషన్‌కు సహాయంగా ఉండొచ్చు. కేసు నడిపేది పీపీయే, మీ లాయర్ పక్కన నిలబడతారు. దర్యాప్తు దశ నుంచే ప్రతి అడుగులోనూ బాధితుల మాట వినాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు లఖీంపూర్ ఖేరీ కేసులో స్పష్టంగా చెప్పింది. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా బాధితులకు తెలియజేయాలి. లాయర్ ఉంటే ఛార్జిషీట్ కాపీలు బాధితులకూ ఇవ్వాలి. మీ కేసుకు పాత చట్టం వర్తిస్తుందా, కొత్తదా అన్నది మీ లాయర్ చూసి చెప్తారు. బెయిలు పిటిషన్, డిశ్చార్జ్ పిటిషన్ వచ్చినప్పుడు మీ తరఫున ఒక మనిషి ఉండటం చాలా తేడా తెస్తుంది. ఫీజు ఇచ్చుకోలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టండి.

డబ్బు విషయం: ఉగ్రవాద దాడుల్లో పోయిన పౌరుల కుటుంబాలకు కేంద్ర ప్రభుత్వ సహాయ పథకం ఉంది, 5 లక్షల రూపాయలు. కలెక్టరేట్‌లో అడగండి. కేసు ముగిసేదాకా ఆగాల్సిన పని లేదు.

ఇంట్లో ఎవరైనా సాక్షుల జాబితాలో ఉంటే ఒక మాట. భయంగా ఉంటే ఇప్పుడే చెప్పండి, ఎన్ఐఏ చట్టంలో సాక్షి పేరు, చిరునామా బయటకు రాకుండా కాపాడే ఏర్పాటు ఉంది. ఆ రోజు ఏం చూశారో, ఏం విన్నారో మీ మాటల్లో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. పేపర్లో చదివింది అందులో కలపొద్దు. నా వంతు వచ్చింది రెండున్నరేళ్ల తర్వాత, చర్లపల్లి జైలు ఆవరణలోని కోర్టులో. గేటు దాటుతుంటే టెన్షన్‌తో నోరెండిపోయింది. డిఫెన్స్ లాయరు ఎదురు ప్రశ్నల్లో షాపు ఏ వైపు ఉంది, లైట్లు వెలుగుతున్నాయా అని అడిగితే, నాకు నిజంగా గుర్తున్నది ఏది, టీవీలో పదేపదే చూసింది ఏది అని అక్కడే తేల్చుకోవాల్సి వచ్చింది. గుర్తులేని దానికి గుర్తులేదనే చెప్పాను. ఆయన దాన్ని పట్టుకుని ఏమీ చేయలేకపోయారు.

చివరిగా, మీరు అడగలేదు కానీ అమ్మగారి కోసం చెప్తున్నాను. ఆవిడ వాయిదాలకు వెళ్దామంటున్నది కేసు కోసం కాకపోవచ్చు. కొడుకు కోసం ఏదో ఒకటి చేయాలి, చేయడానికి ఇంకేమీ లేదు, అందుకని. మా రూమ్మేట్ వాళ్లమ్మ విషయంలో మాకు ఇది ఆలస్యంగా అర్థమైంది. ఏటా ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో కొవ్వొత్తులు వెలిగిస్తారు, కెమెరాలు వస్తాయి. మొదటి ఏడాది ఆవిడను అక్కడికి తీసుకొచ్చాం. ఒక మైకు ముందుకు తోసి, ఉరి వేయాలా అని అడిగారు. ఆవిడ మళ్లీ రాలేదు.

తర్వాతి ఏడాది నుంచి మా రూములో ఉన్న నలుగురం వాళ్ల ఊరికి వెళ్తున్నాం. తద్దినం తిథి ప్రకారం మాఘమాసంలో పెడతారు, కాబట్టి పేపర్లో వచ్చే తేదీ, ఇంట్లో తేదీ చాలా ఏళ్లు కలవవు. అది మంచిదే అయింది. ఆ రోజు పేలుడు మాట రాదు. వాడు లెక్కల్లో ఎంత చురుగ్గా ఉండేవాడో, రూములో వంట వంతు వస్తే ఎలా తప్పించుకునేవాడో చెప్తాం. వాళ్లమ్మ ప్రతిసారీ మొదటిసారి వింటున్నట్టు వింటారు. వాడి కోచింగ్ నోట్సు, హాల్‌టికెట్ ఒక రేకు పెట్టెలో ఉన్నాయి, అవి తీసి చూపిస్తారు. తీర్పు వచ్చిన ఏడాదీ, హైకోర్టు తీర్పు కోసం ఎదురుచూసిన ఏళ్లలోనూ ఆ రోజు ఒకేలా గడిచింది. మీ అన్నయ్య స్నేహితులు, పనిచేసిన చోటివాళ్లు ఎవరైనా ఉంటే ఫోన్ చేయండి. వాళ్లు మీకు ఫోన్ చేయాలనుకుని, ఏం మాట్లాడాలో తెలియక ఆగిపోయి ఉంటారు. నేను అలా ఎనిమిది నెలలు ఆగిపోయాను.

అభియోగాలు చదివే రోజున అమ్మగారు అన్నయ్య ఫోటో ఫ్రేము పట్టుకుని వస్తానంటారు. భద్రత ఉన్న కోర్టుల్లో లోపలికి తీసుకెళ్లనివ్వరు, గేటు దగ్గరే ఆపుతారు, అక్కడ వాదించుకోవడం ఆవిడకు మంచిది కాదు. ముందు రోజే ఒక పాస్‌పోర్టు సైజు ఫోటో తీయించి ఆవిడ పర్సులో పెట్టండి.