విరిగిన మణికట్టు, రోజుకో పొట్లం

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. జీడితోటలో జారిపడి కుడి మణికట్టు విరిగింది. పిండికట్టు వేసి మూడు వారాలైంది. మందుల షాపులో కాల్షియం మాత్రలు, విటమిన్ డి పొట్లాలు, ప్రొటీన్ పొడి ఇచ్చారు. పొట్లం రోజుకొకటి చొప్పున వారంగా పాలలో కలిపి ఇస్తున్నాం. ఇంకేం వాడితే ఎముక త్వరగా అతుకుతుంది? అమ్మకు అడ్డపొగ అలవాటు కూడా ఉంది.
– ఒక పాఠకుడు, కవిటి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ముందు ఆ పొట్లం ఆపండి. దాని మీద 60,000 యూనిట్లు అని ఉందేమో చూడండి. ఉంటే అది మామూలుగా వారానికి ఒకటే వాడే మందు. ఒంట్లో ఎక్కువైన విటమిన్ డి మూత్రంలో పోదు, కొవ్వులో నిల్వ ఉండిపోతుంది. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, అతిదాహం వస్తాయి, మూత్రపిండాలూ దెబ్బతింటాయి. పైగా మీది కవిటి, అంటే ఉద్దానం. ఉద్దానంలో కిడ్నీ జబ్బు చాలామందిలో చప్పుడు లేకుండా ముదురుతుంది. రేపే అమ్మకు క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్ష), కాల్షియం పరీక్షలు చేయించండి. ఆ కాగితం మీ డాక్టరు చూసేదాకా మాత్రలూ వద్దు, పొడీ వద్దు.

ఇంకేం వాడాలని అడిగారు. మాన్పించాల్సింది ఉంది: మీరు చివర్లో మాటవరసకు రాసిన ఆ అడ్డపొగ. చుట్టను నిప్పు నోటి లోపలికి పెట్టి కాల్చినా నికోటిన్ నికోటినే. అది సన్నని రక్తనాళాలను బిగదీస్తుంది. విరిగిన చోట కొత్త ఎముక పోసుకోవాలంటే అక్కడికి రక్తం అందాలి కదా! "మానేశాను బాబూ" అంటూనే చెంగున చుట్ట ముడివేసుకున్న అమ్మలను నేను చాలామందిని చూశాను. చెంగు కూడా చూడండి.

పరీక్షలు బాగుంటే తిండే చాలావరకు చాలు. ఈ వయసు స్త్రీకి రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. అర లీటరు పాలలో దాదాపు 600, వంద గ్రాముల చోళ్లలో (రాగుల్లో) 350 దాకా ఉంటాయి. అంబలి మీ ఇంట్లో కొత్త కాదు. గుడ్డు, పప్పు రోజూ పెడితే పొడి డబ్బా అవసరం రాదు. నా మోచెయ్యి విరిగినప్పుడు త్వరగా అతుకుతుందని మా అమ్మ నల్లేరు పచ్చడి చేసింది. రుచికి తిన్నాను. ఎముక మాత్రం అందరికీ పట్టినంత కాలమే తీసుకుంది.

మణికట్టు అతకడానికి సాధారణంగా ఆరు వారాలు. అందాకా వేళ్లు రోజూ ఆడించమనండి. వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.